పలుగురాతి సిరల్లో బంగారం: చిన్న పాత గనుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కొండవాలులో ఒక సొరంగం నోరు, దాని ముందు తెల్లరాళ్ళ దిబ్బ, కొంచెం పైన పొదల మధ్య కూలిపోయిన గొయ్యి. ఒకప్పుడు కొద్దిమంది కొన్నేళ్ళు పనిచేసి వదిలేసిన చిన్న బంగారు గని ఏ దేశంలోనైనా దాదాపు ఇలాగే ఉంటుంది. వీటి చరిత్ర అడిగితే ఎక్కువగా యజమానుల గొడవలు, దివాలా కథలు వినిపిస్తాయి. నాకు మాత్రం ఎక్కడ తవ్వాలో, ఎటు తిరగాలో, ఎప్పుడు ఆపాలో అక్కడి రాయే ఎక్కువగా తేల్చిందనిపిస్తుంది. ఆ రాయి గురించి తరచూ వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇవి.

పలుగురాయిలోకి బంగారం ఎలా వచ్చింది?

వేడినీటి వల్ల. కరిగిన లావాలా బంగారం పగుళ్ళలోకి పారిందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు.

భూమిలో చాలా కిలోమీటర్ల లోతున రాళ్ళు వేడెక్కి, ఒత్తిడికి లోనై మారుతున్నప్పుడు, వాటి ఖనిజాల్లో బంధించి ఉన్న నీరు విడుదలవుతుంది. ఉదాహరణకు క్లోరైట్ అనే ఆకుపచ్చ ఖనిజం దాదాపు 500 డిగ్రీల వేడి దగ్గర విడిపోయి నీటిని వదులుతుంది. ఆ నీటితోపాటు కార్బన్ డయాక్సైడ్, గంధకం కూడా బయటికొస్తాయి. ఇక్కడ గంధకం పాత్ర చాలా పెద్దది. మామూలు నీటిలో బంగారం కరగదు. గంధకం, హైడ్రోజన్ కలిసిన అయాన్లు ఉన్న వేడినీటిలో మాత్రం వాటిని అంటిపెట్టుకుని ప్రయాణిస్తుంది. అదీ టన్ను నీటికి మిల్లీగ్రాముల లెక్కలోనే. ఆ నీరు రాళ్ళనుంచి వచ్చిందా, శిలాద్రవం నుంచి వచ్చిందా అన్న వాదన కొన్ని గనుల విషయంలో ఇప్పటికీ నడుస్తోంది.

పలుగురాయి, అంటే క్వార్ట్జ్, కూడా ఆ నీటిలోంచే వచ్చింది. 300 డిగ్రీల దగ్గర కిలో నీటిలో దాదాపు ఒక గ్రాము సిలికా కరుగుతుంది. చల్లబడినా, ఒత్తిడి తగ్గినా అది పలుగురాయిగా పేరుకుంటుంది. రాతి పగులులో ఇలా పేరుకున్న పట్టీనే సిర అంటారు. లెక్క వేస్తే, ఒక టన్ను పలుగురాయి ఏర్పడాలంటే తక్కువలో తక్కువ వెయ్యి టన్నుల నీరు ఆ పగులు గుండా పోయి ఉండాలి. జానెడు మందం సిర ముందు నిలబడినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ నీరే.

అంత లోతునుంచి నీరు పైకి ఎలా వచ్చింది?

భూకంపాలు తోవ ఇచ్చాయి. ఈ ప్రశ్న దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే సిరలో కనిపించే చాలా గుర్తులకు కారణం ఇక్కడే ఉంది.

రాళ్ళు విరిగి ఒకదానిమీద ఒకటి జారిన తలాన్ని భ్రంశం అంటారు. మామూలు సమయంలో అది బిగుసుకుని ఉంటుంది. కింద నీటి ఒత్తిడి పెరుగుతూ పోతుంది. పైనున్న రాతి బరువుకు సమానమయ్యేంతగా పెరిగినప్పుడు భ్రంశం జారుతుంది, భూమి కంపిస్తుంది, పగుళ్ళు తెరుచుకుంటాయి, నీరు ఒక్కసారిగా పైకి దూసుకొస్తుంది. ఒత్తిడి పడిపోగానే పలుగురాయి పేరుకుని పగుళ్ళు మూసుకుంటాయి. మళ్ళీ ఒత్తిడి పెరగడం మొదలు. ప్రెషర్ కుక్కర్ విజిల్ లేచి పడ్డట్టు ఇది వందలు, వేల సార్లు జరుగుతుంది. రిచర్డ్ సిబ్సన్ అనే న్యూజిలాండ్ భూగర్భశాస్త్రవేత్త, ఆయన సహచరులు 1988లో ఈ పద్ధతిని వివరించి, భ్రంశం ఒక కవాటంలా పనిచేస్తుందని చూపించారు.

దీనికి సాక్ష్యం సిరలోనే ఉంటుంది. మంచి సిరను అడ్డంగా కోసి చూస్తే తెల్లటి పలుగురాయి మధ్య సన్నని నల్లటి గీతలు, పుస్తకంలో కాగితాల అంచుల్లా వరుసగా కనిపిస్తాయి. ఒక్కో గీత, పగులు తెరుచుకున్నప్పుడు గోడనుంచి ఊడొచ్చి ఇరుక్కున్న రాతిపొర. గనిపనివాళ్ళు ఈ చారల రాయిని రిబ్బన్ క్వార్ట్జ్ అంటారు. చారలున్న చోట బంగారం దొరికే అవకాశం ఎక్కువని శాస్త్రం చెప్పకముందే వాళ్ళకు తెలుసు.

2013లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇద్దరు మరో మాట చేర్చారు. భ్రంశం వంపు తిరిగిన చోట పగులు ఉన్నట్టుండి విచ్చుకుంటే ఒత్తిడి ఎంత వేగంగా పడిపోతుందంటే, నీరు క్షణంలో ఆవిరై, అందులోని సిలికా, బంగారం అక్కడికక్కడే మిగిలిపోతాయట. 2024లో మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్ళ ప్రయోగం ఇంకా ముచ్చటగా ఉంటుంది. క్వార్ట్జ్‌ను నొక్కితే కొద్దిగా విద్యుత్తు పుడుతుంది, గ్యాస్ లైటర్లలో వాడేది ఇలాంటి గుణాన్నే. వాళ్ళు క్వార్ట్జ్ పలకలను బంగారం కరిగిన ద్రావణంలో ఉంచి భూకంపంలా ఊపితే, ఆ విద్యుత్తు వల్ల బంగారం రాతిమీదికి చేరింది. అప్పటికే ఉన్న బంగారు రేణువుల మీద ఇంకా ఎక్కువగా చేరింది. ఒకేచోట పెద్ద ముద్దలు ఎందుకు ఏర్పడతాయో దీనివల్ల కొంత అర్థమవుతుంది.

అయితే ప్రతి పలుగురాతి సిరలోనూ బంగారం ఉంటుందా?

ఉండదు. చాలావాటిలో ఏమీ ఉండదు. మందంగా, పాలలా తెల్లగా, చారలూ మరకలూ లేకుండా ఉన్న సిర చూడ్డానికి బాగుంటుంది, కానీ తరచుగా వట్టిదే. ఆ తెలుపు కూడా బంగారం గుర్తు కాదు. రాయి లోపల చిక్కుకున్న లెక్కలేనన్ని సూక్ష్మమైన నీటి బుడగల వల్ల వచ్చిన రంగు అది.

తుప్పు మరకలు, చిన్న చిన్న గుంటలు, చారలు, గోడల దగ్గర రంగు మారిన రాయి ఉంటే పరీక్షించి చూడటం మంచిది.

సిర చుట్టూ ఉన్న రాయికి ఏమైనా ప్రాధాన్యం ఉందా?

చాలా ఉంది. బంగారాన్ని మోసే గంధకాన్ని నీటినుంచి లాగేసుకునే రాయి పక్కన ఉంటే బంగారం అక్కడే దిగిపోతుంది. ఇనుము ఎక్కువున్న రాళ్ళు ఈ పని బాగా చేస్తాయి. నీటిలోని గంధకం రాతిలోని ఇనుముతో కలిసి పైరైట్ అనే ఖనిజం అవుతుంది, తోడు పోయిన బంగారం ఇక కరిగి ఉండలేదు. అందుకే పురాతన లావా మారి ఏర్పడిన నల్లటి, ఆకుపచ్చటి రాళ్ళలో ఇన్ని బంగారు గనులున్నాయి. కోలార్ బంగారం అలాంటి రాళ్ళ పట్టీలోదే. బొగ్గు లాంటి కార్బన్ ఉన్న నల్లటి పలకరాళ్ళు కూడా నీటి రసాయనాన్ని మార్చి బంగారాన్ని దింపగలవు.

వేడినీరు గోడలను కూడా మారుస్తుంది. సిరకు రెండువైపులా రాయి లేతరంగుకు తిరగడం, మెరిసే సన్నని అభ్రకం, గోధుమరంగులోకి మారే కార్బొనేట్ ఖనిజాలు కనిపించడం దీని గుర్తులు. రాతిలో క్రోమియం ఉంటే పచ్చటి అభ్రకం కూడా వస్తుంది. సిర జానెడే ఉన్నా ఈ మార్పు గోడలోకి కొన్ని మీటర్లు పోవచ్చు. సిర మట్టికింద దాగి ఉన్నప్పుడు ఈ మారిన రాయే దారి చూపిస్తుంది.

సిర పొడవునా బంగారం సమానంగా ఉంటుందా?

ఎప్పుడూ ఉండదు. పగులు నిటారుగా, తిన్నగా సాగదు. వంపు తిరిగిన చోట, రెండు పగుళ్ళు కలిసిన చోట, గట్టిరాయి పక్కన మెత్తరాయి వచ్చిన చోట ఎక్కువగా విచ్చుకుంటుంది. అక్కడే ఎక్కువ నీరు పోయింది, ఎక్కువ బంగారం దిగింది. ఇలాంటి బలిసిన భాగాన్ని గనిభాషలో ఓర్ షూట్ అంటారు. అది ఒక దిక్కుకు వాలుతూ స్తంభంలా లోతుకు పోతుంది. పక్కనే సిర అరచేతి మందానికి సన్నబడి, కొన్ని మీటర్ల తర్వాత మళ్ళీ మీటరు మందం కావచ్చు.

ఆస్ట్రేలియాలో బెండిగో దీనికి మంచి ఉదాహరణ. అక్కడి రాతిపొరలు ముడతలు పడి ఉంటాయి. ముడత శిఖరం దగ్గర పొరల మధ్య ఖాళీ ఏర్పడి, అందులో పలుగురాయి గుర్రపు జీను ఆకారంలో పేరుకుంది. ఒక జీను కింద ఇంకొకటి, దాని కింద మరొకటి. ఈ వరుస అర్థమయ్యాక, ఒకటి అయిపోతే నేరుగా కిందికి తవ్వి తర్వాతిదాన్ని వెతికేవారు.

పాత గని పటం చూసి సిరను అర్థం చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. చిన్న గనివాళ్ళకు వట్టిరాయి తవ్వే డబ్బు లేదు, కాబట్టి బంగారం ఉన్నచోటే తవ్వారు. పక్కనుంచి గీసిన పటంలో ఖాళీచేసిన భాగం ఏ ఆకారంలో ఉందో, బలిసిన భాగం దాదాపు ఆ ఆకారంలోనే ఉండేది. ఖాళీలన్నీ ఒకే కోణంలో వాలి ఉంటే ఆ వాలు కొనసాగిన దిశలో మిగిలింది ఉండవచ్చు. ఒక మట్టం దగ్గర తవ్వకం గోడకు కొట్టినట్టు ఆగిపోయిందంటే, తర్వాత వచ్చిన భ్రంశం సిరను కోసి పక్కకు జరిపి ఉండవచ్చు.

వాలుగా ఉన్న సిరకు పైనున్నది పైగోడ, పాదాల కింద ఉన్నది కిందిగోడ. గనిపనివాళ్ళు లాంతరు తగిలించింది మొదటిదానికి, నిలబడింది రెండోదానిమీద. ఇంగ్లిష్‌లో ఇప్పటికీ శాస్త్రవేత్తలు వాడే హ్యాంగింగ్ వాల్, ఫుట్ వాల్ అనే మాటలు గనిపనివాళ్ళ నోటినుంచే వచ్చాయి.

రాతిలో బంగారం కంటికి కనిపిస్తుందా?

అరుదుగా. టన్నుకు 10 గ్రాములంటే మంచి రాయి కిందే లెక్క. ఒక టన్ను పలుగురాయి అంటే ఒక్కో వైపు 72 సెంటీమీటర్లున్న దిమ్మ. అందులోని 10 గ్రాముల బంగారాన్ని ఒకచోట చేర్చినా శనగగింజంతే. నీటికంటే 19.3 రెట్లు బరువైన లోహం కదా, చోటు చాలా తక్కువ పడుతుంది. ఆ గింజ కంటికి అందనంత చిన్న రేణువులుగా దిమ్మ అంతా చెదిరి ఉందనుకోండి.

దీనివల్ల పరీక్షల్లో పెద్ద చిక్కు వస్తుంది. బంగారం అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్కగా ఉన్న సిరలో పిడికెడు నమూనా తీస్తే, అందులో రేణువు పడితే ఫలితం ఆకాశానికి, పడకపోతే సున్నాకు. అందుకే పాత ప్రకటనల్లో కనిపించే టన్నుకు వందల గ్రాముల అంకెలను నేను ఒక ముక్క గురించిన సమాచారంగానే తీసుకుంటాను. పాత గని నిజంగా ఎంత ఇచ్చిందో తెలియాలంటే ఆడించిన మొత్తం రాయి, వచ్చిన మొత్తం బంగారం, ఈ రెండు అంకెలే చూడాలి.

చిన్న గనిలో మొత్తం ఎంత బంగారం ఉండేది?

ఒక ఊహా లెక్క చెబుతాను. అర మీటరు మందం, 60 మీటర్ల పొడవు, 100 మీటర్ల లోతున్న బలిసిన భాగం అనుకుందాం. అది 3,000 ఘనపు మీటర్లు, అంటే సుమారు 8,000 టన్నులు. టన్నుకు 15 గ్రాముల చొప్పున 120 కిలోల బంగారం. వినడానికి బాగానే ఉంది. కానీ అర మీటరు సందులో మనిషి నిలబడి పని చేయలేడు. మీటరు వెడల్పు తవ్వాలి. పక్కనున్న వట్టిరాయి కలిసేసరికి టన్నుకు 15 గ్రాములు కాస్తా దాదాపు ఏడున్నరకు పడిపోతాయి. తవ్వడానికి, మోయడానికి, దంచడానికి రాయి రెట్టింపు. సన్నని సిరల గనులు ఎప్పుడూ అంచుమీదే బతకడానికి కారణం ఈ కొలతే.

ఇన్ని గనులు కొద్ది లోతులోనే ఎందుకు ఆగిపోయాయి? బంగారం అయిపోయిందా?

ఎక్కువగా నన్ను అడిగే ప్రశ్న ఇదే. చాలాచోట్ల బంగారం అయిపోలేదు, సులభంగా వచ్చే బంగారం అయిపోయింది.

సిర పైభాగం లక్షల ఏళ్ళు వాన, గాలి తింటుంది. పైరైట్ ఆక్సిజన్‌తో, నీటితో కలిసి కుళ్ళి తుప్పుగా మారుతుంది. ఆ క్రమంలో గంధకామ్లం పుట్టి పక్కనున్న ఖనిజాలనూ కరిగిస్తుంది. రాయి తేనెపట్టులా గుల్లబారుతుంది. బంగారం మాత్రం దాదాపు అలాగే నిలుస్తుంది. చుట్టూ బరువు కరిగిపోయింది కాబట్టి మిగిలిన టన్నులో బంగారం వాటా పెరుగుతుంది. పైగా పైరైట్ కడుపులో ఉన్న రేణువులు విడుదలై తుప్పులో వదులుగా ఉంటాయి. ఈ ఎర్రటి మెత్తటి రాయిని దంచి, పాదరసం పూసిన రాగి రేకుల మీదుగా పారిస్తే చాలు, బంగారం పాదరసానికి అంటుకుంటుంది.

భూగర్భజల మట్టం దాటగానే కథ మారుతుంది. ఆ కింద ఆక్సిజన్ చేరలేదు, పైరైట్ తాజాగా గట్టిగా ఉంది. బంగారం దానిలోపల, లేదా ఆర్సెనోపైరైట్ అనే పాషాణపు (ఆర్సెనిక్) ఖనిజం లోపల బంధించి ఉంది. కొన్నిచోట్ల సూక్ష్మదర్శినికి కూడా అందనంత సన్నగా ఉంటుంది. పాదరసం దాన్ని ముట్టుకోలేదు. అదే మట్టం దగ్గర నీళ్ళు ఊరడం మొదలవుతుంది, పంపు కావాలి. రాయి గట్టిపడుతుంది, మందుగుండు ఎక్కువ కావాలి. రాబడి సగానికి పడిన రోజే ఖర్చు రెట్టింపవుతుంది. చిన్న గని యజమానికి ఇది పక్కా టెన్షన్. చాలామంది అక్కడే చేతులెత్తేశారు. ముప్పై, నలభై మీటర్ల దగ్గర ఆగిన పాత షాఫ్టులు ఇన్ని ఉండటం యాదృచ్ఛికం కాదు.

1887లో గ్లాస్గోలో జాన్ స్టీవర్ట్ మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు సైనైడ్ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాక పరిస్థితి కొంత మారింది. పాదరసం వదిలేసిన సన్న బంగారాన్ని సైనైడ్ కరిగించి తీయగలిగింది. బంగారం తీశాక పారబోసిన పాత ఇసుకదిబ్బలను మళ్ళీ ఆడించడం అప్పుడే జోరందుకుంది. మొండి ఆర్సెనోపైరైట్ మాత్రం సైనైడ్‌కు కూడా లొంగదు, ముందు కాల్చాలి. ఆ పొగలో పాషాణం ఉంటుంది.

మరి కొన్ని గనులు కిలోమీటర్ల లోతుకు ఎలా వెళ్ళాయి?

ఆ లోతులోనూ సిర తెగకుండా ఉండటం వల్ల. కోలార్ గనులు 3 కిలోమీటర్లకు పైగా దిగి, 2001లో మూతపడ్డాయి. కాలిఫోర్నియాలో ఎంపైర్ గని 1850 నుంచి 1956 వరకు నడిచింది. ఈ రకం సిరలు భూమిలో చాలా లోతున ఏర్పడినవి కాబట్టి, కిందికి పోతే బంగారం తప్పక తగ్గిపోవాలన్న నియమం లేదు. చిన్న గనుల దగ్గర పగులు వ్యవస్థే చిన్నది. పెద్ద భ్రంశానికి దూరంగా ఉన్న పిల్ల పగుళ్ళలో కొద్దిపాటి నీరే పారింది.

ఈ సిరలు ఎంత పాతవి?

చోటును బట్టి. కోలార్‌వి 250 కోట్ల ఏళ్ళకు అటూ ఇటూ. బెండిగోవి దాదాపు 44 కోట్ల ఏళ్ళు. కాలిఫోర్నియావి డైనోసార్లు తిరిగిన కాలానివి. బంగారానికి నేరుగా వయసు కట్టడం కష్టం. దానితోపాటు పుట్టిన అభ్రకంలో పొటాషియం ఎంత ఆర్గాన్‌గా మారిందో కొలిచి చెబుతారు.

పరికరాలు లేని రోజుల్లో వీటిని ఎలా కనుక్కున్నారు?

వాగు ఇసుక కడుగుతూ పైకి నడిచారు. బంగారం కనిపించినంత దూరం వాగు వెంట వెళ్ళి, ఆగిపోయిన చోట వాలు ఎక్కి, తుప్పు మరకల పలుగురాయి వెతికారు. రేణువులు గరుకుగా, మూలలతో ఉంటే సిర దగ్గరే ఉందని, నునుపుగా అరిగి ఉంటే దూరమని గుర్తు. తవ్వడానికి రాతిమీద మంటపెట్టి పగిలేలా చేసేవారు. ఈజిప్టులో క్రీస్తుపూర్వం 1150 ప్రాంతంలో పాపిరస్ మీద గీసిన ఒక పటం ఇప్పుడు ఇటలీలోని ట్యూరిన్ మ్యూజియంలో ఉంది. బంగారం ఉన్న కొండలు, పనివాళ్ళ గుడిసెలు, వేర్వేరు రాళ్ళకు వేర్వేరు రంగులు అందులో ఉన్నాయి. మూడు వేల ఏళ్ళ కిందటే ఒకరు రాతి రకాన్నీ బంగారాన్నీ కలిపి చూశారన్నది నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరించే విషయం.

పెద్ద బంగారు ముద్దలు మట్టిలో పెరుగుతాయా?

ఒకప్పుడు అలా నమ్మారు. పెద్ద ముద్దలను కోసి చూస్తే లోపల వెండి కలిసిన, సిరలో పుట్టిన బంగారమే కనిపిస్తుంది. 1869లో ఆస్ట్రేలియాలోని మోలియాగుల్ దగ్గర జాన్ డీసన్, రిచర్డ్ ఓట్స్‌లకు చెట్టువేళ్ళ మధ్య, నేలకు కొద్ది సెంటీమీటర్ల కిందే దొరికిన ముద్ద దాదాపు 70 కిలోలు. తూచే కాటా చాలక దాన్ని ముక్కలు చేయాల్సి వచ్చింది. దానికీ పలుగురాయి అంటుకునే ఉంది.

దొరికింది బంగారమో కాదో ఇంట్లో తేల్చుకోవచ్చా?

తేల్చుకోవచ్చు. సూదితో నొక్కండి. బంగారం నొక్కుకుపోతుంది, పైరైట్ పొడిపొడి అవుతుంది, అభ్రకం, అదే మన కాకిబంగారం, పొరలుగా ఊడుతుంది. మెరుగు పెట్టని పింగాణీ పెంకు మీద గీయండి. బంగారం గీత పసుపు, పైరైట్ గీత ఆకుపచ్చ కలిసిన నలుపు. గీటురాయి కనిపెట్టినవాళ్ళకు తెలిసిన విషయమే ఇది. నీడలోకి తీసుకెళ్ళినా రంగు మారకుండా ఉంటే బంగారం కావచ్చు. పైరైట్ తిప్పితే మెరిసి ఆరుతుంది.

పాత గనిలోకి వెళ్ళి సిరను చూడవచ్చా?

వద్దు. గట్టిగా చెబుతున్నాను. పైరైట్ కుళ్ళేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది, కార్బొనేట్ రాయి ఆ ఆమ్లానికి కరిగి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. బరువైన ఆ గాలి పల్లంలో నిలుస్తుంది. వాసన ఉండదు, రంగు ఉండదు, రెండు అడుగులు ఎక్కువ దిగితే స్పృహ తప్పుతుంది. గట్టినేలలా కనిపించేది కుళ్ళిన చెక్కలమీద పేరుకున్న రాళ్ళే కావచ్చు, దాని కింద ఖాళీ. సొరంగం నోటినుంచి కారే నారింజరంగు నీటిలో ఇనుముతోపాటు పాషాణం ఉండే అవకాశం ఉంది, తాగకూడదు, పశువులను తాగనివ్వకూడదు. బూడిదరంగు సన్న ఇసుకదిబ్బల్లో పాదరసం మిగిలి ఉండవచ్చు, పిల్లలను ఆడనివ్వవద్దు.

లోపలికి పోకుండా ఏం చూడగలం?

అనుమతి ఉంటే బయటి రాళ్ళదిబ్బ చాలు. ముందు గని నోటికి దగ్గర్లో ఉన్న రాయి, తర్వాత దిబ్బ చివరి అంచు రాయి చూడండి. బండిలో తెచ్చి ముందుకు ముందుకు పోస్తూ వెళ్ళారు కాబట్టి, చివరి అంచులో పైన పడ్డది సాధారణంగా చిట్టచివర తవ్వింది. దిబ్బ మొదట్లో గుల్లబారిన ఎర్రరాయి, చివర్లో తాజా పైరైట్ మెరిసే బూడిదరంగు రాయి కనిపిస్తే, ఆ గని నీటిమట్టం దాటాక ఆగిందని చెప్పవచ్చు. సుత్తితో కొట్టినప్పుడు వెల్లుల్లి వాసన వస్తే అది ఆర్సెనోపైరైట్. చేతులు కడుక్కోండి, ఆ ముక్కను అక్కడే వదిలేయండి. చారల పలుగురాయి దొరికితే భూతద్దం పెట్టి నల్లగీతలు లెక్కపెట్టండి. ఒక ముక్కలో నేను నలభైదాకా లెక్కపెట్టి ఆపేశాను, ఇంకా ఉన్నాయి.